చదువు నడుమ నిలిచిపోయిన బిడ్డలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమునకు భారతమునుండి ఏదైన ఘట్టము తీసికొని ముప్పావుగంటసేపు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. భారతమును నేను విడువను. కాని ఈసారి దానిని వేఱొక విషయమునకు తోడు తెచ్చుకొనుచున్నాను. విశ్వవిద్యాలయములలో చదువుకొను మన బిడ్డల మనస్సునకు కలుగు వ్యాకులత, దానివలన చదువు నడుమనే నిలిచిపోవుట, ఇది నేటి విషయము. పండుగనాడు ఈ మాట ఎందుకని ఎవరికైన తోచవచ్చును. పండుగనాడే గదా ఊరంతయు ఒకచోట కూడునది.

నేను విశ్వవిద్యాలయపు మెట్టు ఎక్కినవాడను కాను. మా నాయనగారు కరణీకము చేసినవారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణీకములను రద్దు చేసినప్పుడు దస్తరములు అప్పగించి ఇంటికి వచ్చినారు. ఆ తరువాత కొన్నేండ్లకు నేను సహకార పరపతి సంఘములో చిట్టా ఆవర్జాలు వ్రాయుటకు కుదిరితిని. నాకు వచ్చిన కొలది సంస్కృతాంధ్రములు నిఘంటువు ప్రక్కన పెట్టుకొని నేర్చినవే. అందులో సగము ఈ గ్రంథాలయపు బీరువాల చలువ. అట్టివాడు విశ్వవిద్యాలయమును గుఱించి మాటలాడుట విడ్డూరమే. అయినను అక్కడికి బిడ్డలను పంపు ఇండ్లు ఇక్కడివి. చదువు నిలిచినప్పుడు వారు తిరిగి చేరునదియు ఇక్కడికే. ఆ చదువులకై చేసిన అప్పుల పద్దులు నా చేతివ్రాతలో ఉన్నవి.

సంక్రాంతికి వచ్చిన కుఱ్ఱవాడు పండుగ వెళ్లినను ప్రయాణము కట్టడు. మొదటి వారము సెలవులు పొడిగించినారని ఇంటివారు చెప్పుదురు. రెండవ వారము జ్వరమని చెప్పుదురు. ఉగాది నాటికి ఎవ్వరును అడుగరు, ఎవ్వరును చెప్పరు. అరుగులమీద మాత్రము తీర్పులు నడచుచుండును. సావాసములు చెడినవని ఒకరు, సెల్ ఫోను చెఱచినదని ఒకరు, తిని కూర్చొనుటకు మరగినాడని ఒకరు, ప్రేమ వ్యవహారమని మఱియొకరు. ఆడపిల్ల అయినచో ఆ తీర్పులు ఇక్కడ పలుకదగినవి కావు. ఆఖరు నిల్వ మాత్రము చూచి, ఏ తేదీన ఏ ఖర్చు పడినదో ఊహించి చెప్పుట వంటిది ఇది. లెక్కలు వ్రాయువాడెవ్వడును దానికి ఒప్పుకొనడు.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము లోకసభకు ఇచ్చిన సమాధానము ప్రకారము, అంతకు ముందు అయిదేండ్లలో షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలు, ఇతర వెనుకబడిన తరగతులకు చెందిన విద్యార్థులు 13,626 మంది ఉన్నత విద్యాసంస్థలను నడుమ విడిచిపోయినారు. వీరిలో కేంద్ర విశ్వవిద్యాలయములవారు 9,642 మంది, ఐఐటీలవారు 3,542 మంది, ఐఐఎంలవారు 442 మంది. ఇందరును మనోవ్యధతో వెళ్లినారనుట తగదు. ఒక కోర్సునుండి మఱియొక కోర్సునకు, ఒక సంస్థనుండి మఱియొక సంస్థకు మాఱువారు చాలమంది కలరని ప్రభుత్వమే చెప్పినది. అది నిజమే కావచ్చును. కాని వెళ్లినవారి సంఖ్య గల పద్దులో వెళ్లిన కారణమునకు గడి లేదు. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలము ఎవరికి తోచిన కారణమును వారు అందులో వ్రాసికొనుచుందురు.

కారణములను వెదకినవారు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున జరిగిన సర్వేలనుండి 21 దేశముల సమాచారము తీసికొని పండితులు 2016లో ఒక పరిశోధన ప్రకటించినారు. కళాశాలలలో చదువుచున్నవారిలో అయిదుగురికి ఒకరు చొప్పున ఆ సంవత్సరములో ఏదో ఒక మానసిక రుగ్మతకు గుఱియైనవారే. అట్టివారిలో నూటికి ఎనుబది మందికి పైగా కళాశాలలో చేరుటకు ముందే ఆ బాధ ఆరంభమైనది. చికిత్స పొందినవారు ఆఱుగురికి ఒకరు మాత్రమే. చేరకముందే బాధ మొదలైనవారు చదువు పూర్తిచేయకుండ విడిచిపోవుట ఎక్కువగా కనబడినదని కూడ ఆ పరిశోధన చెప్పినది. అంతకు ముందు 2009లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులమీద జరిగిన పరిశీలనలోను, కుంగుబాటు గలవారికి మార్కులు తగ్గుటయు, చదువు విడుచు అవకాశము హెచ్చుటయు కనబడినవి. అనగా మనము ఇంట కూర్చుండి బద్ధకమని పిలుచుచున్న దానిలో కొంత భాగము వ్యాధి. దానికి వైద్యము కలదు.

వ్యాధికిని చదువు నిలుచుటకును నడుమ దారి ఎట్లు పడునో నెమ్మదిగా చూడుడు. మొదట నిద్ర చెడును. రాత్రి పట్టదు, తెల్లవాఱుజామున పట్టును. తొమ్మిది గంటల తరగతి తప్పును. ఒకటి తప్పినవాడు రెండవదానికి పోవుటకు సిగ్గుపడును, ఉపాధ్యాయుడు నలుగురిలో నిలబెట్టి అడుగునేమోనని. హాజరు తగ్గును. చదివిన పుట మరల మొదటినుండి చదివినను తలకెక్కదు. దానిని తన తెలివితక్కువ అనుకొనును గాని వ్యాధి లక్షణమనుకొనడు. పరీక్షలో రెండు సబ్జెక్టులు నిలిచిపోవును. వానినే మన పిల్లలు బ్యాక్‌లాగులు అందురు. తరువాతి సెమిస్టరులో వచ్చు సబ్జెక్టులకు ఈ రెండును తోడగును. తోటివారితో భోజనశాలకు పోవుట మానును, వారు మార్కులు అడుగుదురని. వేళతప్పి తినును, లేక తినడు. ఇంటినుండి ఫోను వచ్చినచో బాగున్నానని చెప్పును. హాజరు తగ్గినచో ఉపకారవేతనము, ఫీజు తిరిగి చెల్లింపు నిలిచిపోవును. అప్పుడు ఇంటికి చెప్పక తీఱదు, చెప్పుటకు నోరు రాదు. దిగులువలన బ్యాక్‌లాగులు, బ్యాక్‌లాగులవలన దిగులు. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు ఇది పెరుగును. చక్రవడ్డీ ఎట్టిదో ఈ సభలో రైతులకు నేను వివరింపనక్కఱలేదు.

ఇందులో ఎక్కడను ఆ బిడ్డ ఒక్క దినమున చదువు మానవలెనని నిశ్చయించినవాడు కాడు. పుస్తకములు ట్రంకుపెట్టెలో పెట్టి ఇంటికి వచ్చిన దినమున కూడ మరల వెళ్లెదననియే అనుకొనును.

దిగులు పట్టణములలో పుట్టిన క్రొత్త జబ్బు అనువారికి ఒక్క మాట మనవి చేసెదను. వాసిష్ఠ రామాయణము చూడుడు. మడికి సింగన దానిని తెనిగించినాడు. రామునకు పదునాఱేండ్లు నిండలేదు. గురుకులమున చదువు ముగించి, తీర్థయాత్రలు చేసి, ఇంటికి వచ్చినాడు. నేటి లెక్కలో కళాశాలలో చేరు వయస్సు. వచ్చిన కొలది దినములకే చిక్కిపోవ మొదలిడినాడు. చెక్కిట చేయి చేర్చి కూర్చుండును. పరిజనులు పదేపదే చెప్పినగాని స్నానసంధ్యలు చేయడు. దశరథుడు తొడపై కూర్చుండబెట్టుకొని విచారమేమని ఎంతో ప్రేమతో అడిగెను. విచారమేమియు లేదని చెప్పి ఆయన ఊరకుండెను. ఫోనులో మన పిల్లలు చెప్పు సమాధానము ఇదియే గదా! అంత ప్రేమగల తండ్రి, అంత గుణవంతుడైన కొడుకు. అయినను ఆ మాట దాటి ముందుకు పోలేదు. కనుక మాకు చెప్పనేలేదని తల్లిదండ్రులు బిడ్డను నిందింపబనిలేదు, తమ్ము తాము నిందించుకొనబనియు లేదు.

తరువాత విశ్వామిత్రుడు వచ్చినాడు. రాముని పిలిపించినాడు. నీ మనోవ్యధకు కారణమేమో దాచక చెప్పుమన్నాడు. రాముడు చెప్పసాగెను. అది ఒకటి రెండు మాటలు కాదు, ఒక ప్రకరణములో పెద్ద భాగము. సంపదను, ఆయువును, మనస్సును, యౌవనమును, వృద్ధాప్యమును, అన్నిటిని గుఱించి తన విసుగు చెప్పినాడు. సభలో రాజులున్నారు, మునులున్నారు, మంత్రులున్నారు. ఎవ్వరును నడుమ అడ్డు తగులలేదు. నీకేమి తక్కువ అని ఎవ్వరును అనలేదు. చెప్పుట ముగిసిన పిమ్మటనే వసిష్ఠుడు నోరు తెఱచినాడు. రాముని విషాదము జ్ఞానమునకు ద్వారము, దానిని కళాశాల పిల్లల దిగులుతో పోల్చుట తగునా అని పండితులు ఆక్షేపింపవచ్చును. నేను పోల్చుచున్నది విషాదమును కాదు, చుట్టునున్నవారు మెలగిన తీరును.

అర్జునుని సంగతి మీకందఱకును తెలిసినదే. అవయవములు పట్టు తప్పుట, నోరు ఎండుట, ఒడలు వణకుట, గాండీవము జాఱుట, మనస్సు గిఱ్ఱున తిరుగుట, వ్యాసులవారు వరుసగా చెప్పినారు. కృష్ణుడు కూడ ముందుగా మందలించియే చూచినాడు. అది పనిచేయలేదు, అర్జునుడు యుద్ధము చేయనని మౌనము వహించినాడు. మిగిలిన గీత అంతయు ఆ తరువాతిది.

ఇప్పుడు మన పల్లె బిడ్డలకు ప్రత్యేకముగా ఏమున్నదో చెప్పవలెను. పదవ తరగతి కాగానే రెండేండ్లు ఇంటర్మీడియెట్ హాస్టళ్లలో పెట్టుచున్నాము. తెల్లవాఱకముందు లేపి రాత్రి పది దాటువఱకు చదివింతురు. వారము వారము పరీక్ష, మార్కులనుబట్టి సెక్షను. కళాశాలలో చేరకముందే బాధ ఆరంభమగుచున్నదని ఆ పరిశోధన చెప్పినమాట నేను చదివినప్పుడు నాకు ముందుగా తోచినవి ఈ రెండేండ్లు. విశ్వవిద్యాలయమునకు చేరునాటికే ఎడ్లు అలసియున్నవి. అక్కడ దుక్కి సాగలేదని ఆ పొలమును తిట్టుచున్నాము. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో వెలసిన ట్రిపుల్ ఐటీలు గ్రామీణ విద్యార్థులకు గొప్ప మేలు చేసినవి, సందేహము లేదు. కాని అందు చేరు బిడ్డలకు పదునైదు పదునాఱేండ్లు. అమ్మ చేతి ముద్ద విడిచి, ఒక్కసారిగా వేలమంది నడుమ పడుదురు.

తెలుగులో చదివి వచ్చినవానికి అక్కడ పాఠము ఇంగ్లీషులో సాగును. వానికి తెలియనిది గణితము కాదు, గణితము చెప్పిన భాష. కాని వెనుక బెంచీలో కూర్చుండి తనకు గణితమే రాదని నిశ్చయించుకొనును. ఊరిలో మొదటివాడుగా ఉన్నవాడు అక్కడ నూఱవవాడగును. తల్లిదండ్రులు మాత్రము ఇంకను మొదటివాడనియే నలుగురితో చెప్పుచుందురు. ఇక కులపు మాట. ర్యాంకు అడుగుట, ఇంటి పేరు అడుగుట, ఏ కోటాలో వచ్చితివని అడుగుట, ఇవి పైకి ప్రశ్నలే. ఆ ప్రశ్నలను దినదినమును వినువానికి అవి ప్రశ్నలు కావు. ఈ సభలో ఈ మాట కొందఱికి రుచింపకపోవచ్చును. మన అరుగుల దగ్గఱ నేర్చిన మాటలే అక్కడికి పోయినవి గాన ఇక్కడనే చెప్పుచున్నాను.

ఒక కుటుంబపు సంగతి వారి అనుమతితో చెప్పెదను. పేరు చెప్పను, ఊరు చెప్పను, విద్యాలయము చెప్పను. గుర్తు పట్టకుండ కొన్ని వివరములు మార్చినాను. ఒకనాడు ఒక రైతు సంఘమునకు వచ్చి, కొడుకు చదువునకు తీసికొన్న అప్పు గడువు పెంచుటకు వీలగునా అని అడిగినాడు. కాగితములు చూచుచు కుఱ్ఱవాడు ఎట్లున్నాడని అడిగితిని. ఆయన అన్న మాట అట్లే చెప్పుచున్నాను. “గుమాస్తాగారూ, వాడు గదిలోంచి రావడం లేదండి. తిట్టినా ఊరుకుంటున్నాడు. ఇదివరకు తిడితే ఎదురు చెప్పేవాడు, ఇప్పుడు అదీ లేదండి.”

ఎదురు చెప్పుట మానినాడన్న మాట నన్ను కలవరపెట్టినది. తాయెత్తు కట్టించినారు, దిష్టి తీయించినారు. కట్టించనిమ్ము, తల్లి మనస్సునకు ఊరట. దానితో బాటు జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని దగ్గఱకు కూడ పోవుదమని చెప్పితిని. ఆ మాటతో ఆయన ముఖము మాడిపోయినది. ఎందుకనగా మన మాటలలో ఎఱ్ఱగడ్డ అన్నను, విశాఖపట్టణము పిచ్చాసుపత్రి అన్నను తిట్టు గదా. వైద్యశాల పేరు తిట్టుగా మాఱిన చోట రోగి అక్కడికి ఎట్లు పోవును? 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేలో, ఆయా మానసిక రుగ్మతలు గలవారిలో నూటికి 70 నుండి 92 మంది వఱకు చికిత్స అందనివారేనని తేలినది. వైద్యులు తక్కువగుట ఒక కారణము. మన నోళ్లు రెండవ కారణము.

ఎట్లో వెళ్లినారు. వైద్యుడు తండ్రిని బయట కూర్చుండబెట్టి కుఱ్ఱవానితో మాటలాడినాడు. ఇంటర్మీడియెట్ రెండవ ఏడాదినుండియే నిద్రలేదని అప్పుడు బయటపడినది. మందులు ఇచ్చి, రెండు మూడు వారములు గడచినగాని గుణము కనబడదు, నడుమ మానవద్దని చెప్పినాడు. అట్లే అయినది. వేసవిలో ఒక సాయంకాలము అతడు చెల్లెలితో పోట్లాడినాడట. తండ్రి సంతోషముతో వచ్చి నాకు చెప్పినాడు! ఒక ఏడాది నష్టపోయి, తనకంటె చిన్నవారితో కూర్చుండి చదువుటకు ఒప్పుకొన్నాడు. అందులో సిగ్గు ఇంకను పోలేదు. రెండు సబ్జెక్టులు ఇంకను మిగిలియున్నవి. ఇంతవఱకు జరిగినది ఇది.

ఆ తండ్రితో తిరిగిన దినములలో నాకు తెలిసిన కొన్ని నిబంధనలు చాలమందికి తెలియవు. సుందరకాండములో హనుమంతుడు లంకయంతయు వెదకి, సీత కానరాక, తాను తిరిగి పోయినచో ఎవరెవరికి ఏ దుఃఖము కలుగునో తలపోసి, బ్రతుకుమీదనే విరక్తి చెందును. అంతలో తాను వెదకని అశోకవనము ఒకటి ఉన్నదని గుర్తునకు వచ్చును. విద్యాలయపు నియమావళి అట్టి వనము. మన ఇంజనీరింగు విశ్వవిద్యాలయములు అనేకములలో హాజరు నూటికి 75 ఉండవలెను. అనారోగ్యమునకు వైద్యుని ధ్రువపత్రము చూపినచో 65 వఱకు మినహాయింపు కలదు. మానసిక వైద్యుడు ఇచ్చినదియు వైద్యుని పత్రమే. నాలుగేండ్ల చదువు పూర్తిచేయుటకు ఎనిమిదేండ్ల వఱకు గడువు ఇచ్చిన విశ్వవిద్యాలయములు ఉన్నవి. 2020 జాతీయ విద్యావిధానము ననుసరించి 2021లో క్రెడిట్ల బ్యాంకు ఒకటి పెట్టినారు. చదివినంతమేరకు క్రెడిట్లు విద్యార్థి పేర జమ అగును. ఏడేండ్ల వఱకు చెల్లును. నడుమ ఆగి తిరిగి చేరినపుడు వాడుకొనవచ్చును. అందులో నమోదైన సంస్థలకే ఇది వర్తించును గాన ముందుగా విచారించుకొనవలెను. జమ అయినది పోదు అన్న మాట లెక్కలవానిగా నాకు నచ్చినది. నిబంధన ఉండుట వేఱు, చదువలేక మంచము పట్టిన బిడ్డ దానిని వెదకి తీయుట వేఱు. ఆ వెదకుట ఇంటివారు చేయవలసిన పని.

తమిళనాడులో ఇరువదేండ్ల క్రిందట పన్నెండవ తరగతి తప్పినవారికి ఏడాది ఆగనక్కఱలేకుండ వెంటనే మరల పరీక్ష పెట్టు పద్ధతి తెచ్చినారు. పరీక్ష తప్పినందున ప్రాణములు తీసికొనుటను తగ్గించుటకు అది తోడ్పడినదని ఆ రంగములో పనిచేసిన వైద్యులు వ్రాసినారు. ఒక పరీక్ష తేదీ మార్చుటవలన ప్రాణములు నిలుచునా అని ఆశ్చర్యపడుదుము. నిలిచినవి.

ప్రాణముల మాట వచ్చినది గాన దాటవేయను. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలలో దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది. ఈ అంకెలలో పాఠశాల పిల్లలు, కళాశాలవారు అందఱును కలిసియున్నారు. ఒక్క పరీక్ష, ఒక్క మాట, ఒక్క కారణము అని తేల్చుట ఇక్కడను తప్పే. అట్టి తలంపు ఉన్నదా అని అడిగినచో లేని తలంపు పుట్టునేమో అని పెద్దలు భయపడుదురు. అడుగుటవలన పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినచో చెప్పుకొనుటకు దారి దొరకును. పోలీసు కేసు అగునని దాచువారు ఇంకను కలరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టి ప్రయత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి కాపాడుమన్నది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత నేరపు సెక్షనే లేదు. దాచబనిలేదు.

విద్యాలయముల బాధ్యత చెప్పునప్పుడు భారతము ఆదిపర్వములోని ఉపమన్యుని కథ నాకు గుర్తు వచ్చును. ధౌమ్యుడను ఉపాధ్యాయుడు (పాండవుల పురోహితుడు కాదు, వేఱొకరు) శిష్యుడైన ఉపమన్యుని ఆవులు కాయుటకు పంపినాడు. నీవు తినుచున్నదేమని అడిగి, భిక్ష తెచ్చి తనకు ఒప్పగింపుమన్నాడు. రెండవసారి భిక్ష వలదన్నాడు. పాలు వలదన్నాడు. దూడల మూతి నుఱుగు వలదన్నాడు. తుదకు ఆకలి తాళలేక ఆ బిడ్డ జిల్లేడాకులు తిన్నాడు. కండ్లు పోయినవి. తడుముకొనుచు నడచి పాడు నూతిలో పడినాడు.

ఈ కథను గురుభక్తికి ఉదాహరణముగా చెప్పుదురు. నేను ఎన్నిసార్లు చదివినను నా దృష్టి ఒకచోట నిలుచును. సాయంకాలమైనది. ఉపమన్యుడు రాలేదు. గురువు ఆ సంగతి గమనించినాడు. అన్నిటినుండి వానిని నివారించితిని, కోపము వచ్చియుండును, అందుకే రాలేదని తన కట్టడినే కారణముగా తలచినాడు. శిష్యులను వెంటబెట్టుకొని స్వయముగా అడవికి పోయినాడు. పేరు పెట్టి కేకవేసినాడు. నూతిలోనుండి సమాధానము వచ్చినది. అప్పుడు దేవవైద్యులైన అశ్వినులను స్తుతింపుమని చెప్పినాడు. అనగా వైద్యుని దగ్గఱకు పంపినాడు.

నేటి విద్యాలయములలో హాజరు గమనించు యంత్రములు ఉన్నవి. వ్రేలిముద్ర వేయనివాని పేరు సాయంకాలమునకు కంప్యూటరులో ఎఱ్ఱగా కనబడును. ఆ పేరు చూచి ఏమి చేయుదురు? తండ్రికి ఒక సందేశము పంపుదురు, జరిమానా లెక్క కట్టుదురు. అడవికి పోవువాడు లేడు. 2015లో రూర్కీ ఐఐటీలో మార్కులు చాలలేదని మొదటి ఏడాది విద్యార్థులను డెబ్బదిమందికి పైగా ఒక్కమారు తొలగించినారు. దేశమంతట గగ్గోలు పుట్టిన పిమ్మట వారికి మఱియొక అవకాశము ఇచ్చినారు. ఒక్క తరగతిలో అందఱు తప్పినప్పుడు ప్రశ్న విద్యార్థిని అడుగవలెనా, తరగతిని అడుగవలెనా?

సుప్రీంకోర్టు 2025 మార్చి 24న ఉన్నత విద్యాసంస్థల విద్యార్థుల మానసిక ఆరోగ్యము విషయమై విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళమును నియమించినది. అదే సంవత్సరము జూలై 25న, విశాఖపట్టణములో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుచుండిన ఒక బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో, 100 మంది, అంతకు మించి విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరును గాని మనస్తత్త్వజ్ఞుని గాని నియమించుకొనవలెనని ఆదేశించినది. మార్కులనుబట్టి సెక్షనులు విడదీయవద్దని కూడ చెప్పినది. కోర్టు వ్రాసినది గోడమీదికి ఎక్కినంతమాత్రమున పని జరిగినట్లు కాదు. బిడ్డను చేర్చునప్పుడు మనము ఫీజు ఎంత, మెస్సు ఎట్లుండును, ఉద్యోగములు ఎందఱికి వచ్చినవి అని అడుగుచున్నాము. కౌన్సెలరు ఎవరు, ఏ గదిలో కూర్చుండును, తెలుగు వచ్చునా అని కూడ అడుగవలెను. నలుగురు తండ్రులు అడిగినచో అయిదవవాడు వచ్చునాటికి వారు జవాబు సిద్ధము చేసికొందురు.

ఇక మన గ్రంథాలయము. ఇరువదియైదేండ్లనుండి ఇక్కడ పత్రికలు చదువువారున్నారు, పోటీ పరీక్షలకు చదువు యువకులున్నారు. ఇంటికి వచ్చి కూర్చున్న బిడ్డ మాత్రము ఇక్కడికి రాడు. వచ్చిన తొలి దినముననే “ఎప్పుడు వెళ్తున్నావురా?” అని అడుగుదుము గనుక. ఈ ప్రశ్నను మన చదువు గదిలో ఎవ్వరును అడుగకుందురు గాక అని చందాదారులను వేడుకొనుచున్నాను. పుస్తకము అడిగినచో ఇండు, క్యారమ్ బోర్డు అడిగినచో ఇండు, ఊరక కూర్చున్నచో కూర్చుండనిండు.

కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలి మానస్ అను ఉచిత సేవ కలదు. దాని ఫోను సంఖ్య 14416. రాత్రి పగలు ఎప్పుడైనను మాటలాడవచ్చును, తెలుగులో చెప్పుకొనవచ్చును. ఈ సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి, లోపలి గదిలో, ఎవ్వరును చూడకుండ వ్రాసికొనుటకు వీలగు చోట అంటింపవలెనని కోరితిని. వాకిట అంటించినచో అక్కడ నిలబడి వ్రాసికొనువాడు ఉండడు. కార్యదర్శిగారు అంగీకరించినారు. వచ్చు నెలనుండి తలుపులు రాత్రి తొమ్మిది వఱకు తెఱచియుంచుటకును ఒప్పుకొన్నారు. విశ్వవిద్యాలయముల నియమావళులు తెప్పించి ఒక అరలో పెట్టుచున్నాము. అవి ఇంగ్లీషులో ఉండును గాన ఆదివారములు ఉదయము పది గంటలకు నేను ఇక్కడ ఉందును. ఎవరైన కాగితములు తెచ్చినచో కలిసి చదువుకొందము.

గ్రంథపాలకునికి ఒక్క మనవి. పుస్తకము ఇచ్చునప్పుడు పేరు, తేదీ వ్రాసికొనుట మీకు అలవాటే. సాయంకాలములు వచ్చుచుండిన పిల్లవాడో పిల్లయో వారము దినములు కనబడకున్నచో పుస్తకపు బాకీ వంకతో వారింటికి ఒకసారి పోయి రండు. జరిమానా మాత్రము అడుగకుడు. ఆ పద్దు నేను చూచుకొందును.